అరెకరం లేని ఊళ్ళు

మా ఆఫీసులో లెక్కలు చూసే ఆయనది వనపర్తి దగ్గర ఒక పల్లె. పోయిన చలికాలం ఒక సాయంత్రం ఏదో బిల్లు కోసం నా దగ్గరికి వచ్చి, కంప్యూటర్‌లో తెరిచి ఉన్న ఎక్సెల్ షీటు వంక చూస్తూ నిలబడిపోయాడు. పాత మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో వరి దిగుబడుల మీద జరిగిన ఒక చిన్న అధ్యయనం తాలూకు ముడి లెక్క అది. కాసేపు మౌసు చక్రం తిప్పి, "ఇదేంది సార్, ఇన్ని ఊర్లల్ల ఒక్కనికి గూడ అరెకరం భూమి లేదా?" అన్నాడు.

లేకపోవడమేమిటని నేనూ చూశాను. నిజమే. భూమి వరసలో 0.50 అన్న అంకె ఎక్కడా లేదు. 1.50 లేదు, 2.50 లేదు, 0.75 అసలే లేదు. చుక్క తర్వాత 39 దాటిన అంకె మొత్తం వరసలో ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు.

తెలంగాణ వాళ్ళకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. నాది గుంటూరు జిల్లా. మాకు ఎకరమంటే వంద సెంట్లు. 2.20 అని రాస్తే రెండెకరాల ఇరవై సెంట్లు, దాన్ని అలాగే కంప్యూటర్‌లో కొట్టినా లెక్క తప్పదు. వాళ్ళకు ఎకరమంటే నలభై గుంటలు. అక్కడ 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అనగా రెండున్నర. సర్వేకి వెళ్ళిన కుర్రాళ్ళు ఆ ఊళ్ళ పద్ధతిలోనే రాసుకొచ్చారు. హైదరాబాదులో కూర్చుని విశ్లేషణ చేసినవాళ్ళు చుక్కను దశాంశంగా చదివారు. నివేదికను పరిశీలించిన మేము ఆ వరసను చదవనే లేదు.

తప్పు అందరికీ ఒకేలా పడి ఉంటే ఇంత గొడవ లేదు. పూర్తి ఎకరాలున్న రైతుకు తేడా ఏమీ రాదు. పదిన్నర ఎకరాల ఆసామి పొలం 10.20గా ఎక్కింది కాబట్టి దిగుబడి మూడు శాతం ఎక్కువ కనిపిస్తుంది, అంతే. రెండున్నర ఎకరాల రైతుకు 14 శాతం దాకా పెరుగుతుంది. ఎకరం ముప్పై గుంటల రైతుకు 35 శాతం. ఇక అరెకరం రైతు పొలం 0.20 అయి కూర్చుంది: ఎకరానికి ఇరవై క్వింటాళ్ళ లెక్కన పండించినవాడు యాభై పండించినట్టు తేలాడు.

ఎకరానికి యాభై క్వింటాళ్ళ వడ్లంటే ఎవరు నమ్ముతారు? విశ్లేషణ చేసినవాళ్ళూ నమ్మలేదు. 'అసాధారణ విలువలు' అని పక్కన పెట్టారు, అలా పెట్టామని నివేదికలో నిజాయితీగా రాశారు కూడా. అంటే ఎకరం లోపు రైతులు దాదాపు అందరూ సర్వే పొరపాట్ల కింద జమ అయి అధ్యయనంలోంచి వెళ్ళిపోయారు. ఎకరం, రెండెకరాల మధ్య ఉన్నవాళ్ళు నమ్మదగినంత ఎక్కువ దిగుబడితో మిగిలారు. దాంతో నివేదిక తేల్చింది: కమతం చిన్నదైతే ఎకరా దిగుబడి ఎక్కువ.

ఇది విని ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఫార్మ్ మేనేజ్‌మెంట్ సర్వేల లెక్కలు చూపి, కమతం పెరిగేకొద్దీ ఎకరా దిగుబడి తగ్గుతోందని అమర్త్య సేన్ 1962లో ఎకనమిక్ వీక్లీలో రాసిన నాటినుంచి మన దేశంలో ఆ వాదన నడుస్తూనే ఉంది. పొలం కొలతల్లో తప్పులే ఆ సంబంధాన్ని పుట్టిస్తున్నాయేమోనన్న అనుమానం కూడా అందులో ఒక పాత శాఖే. కానీ అందరికీ తెలిసిన మాటనే చెప్పే నివేదికను ఎవరు తిరగేసి చూస్తారు? నేనైతే చూడలేదు.

ఆ నివేదికకు మేమిచ్చిన మార్కులు 84.

84 ఎలా వచ్చాయి

మార్కుల షీటు తయారు చేసింది నేనే కాబట్టి ఈ కథలో తప్పించుకునే దారి నాకు లేదు. ఒక దాత సంస్థ, కొన్నేళ్ళుగా తాను డబ్బు పెట్టిన అధ్యయనాలు ఏ మేరకు పనికొచ్చాయో తేల్చుకోవాలనుకుంది. ప్రమాణాలు రాసి, వాటికి మార్కులు కేటాయించి, ముగ్గురు పరిశీలకులతో దిద్దించే పని మాకు అప్పజెప్పింది. నేను సంబరపడ్డాను. అంతకుముందు ఇలాంటివి ఎలా జరిగేవో నాకు తెలుసు: ఆచార్యుల వారు నివేదిక అట్ట చూసి, చివరి అధ్యాయం తిరగేసి, "బానే చేశారయ్యా" అంటే బాగా చేసినట్టే. దానికి బదులు ఒక పద్ధతంటూ వస్తుంది కదా అనుకున్నాను.

ప్రశ్న స్పష్టతకు 15, పద్ధతికి 25, విశ్లేషణకు 20, నైతిక నియమాలకు 10, రాసిన తీరుకు 10, ఉపయోగానికి 20. మొత్తం 100. పద్ధతి కింద మళ్ళీ అయిదు ముక్కలు, ఒక్కోదానికి 5. సేకరించిన లెక్కల నాణ్యత అందులో ఒక ముక్క. 75 దాటితే 'చాలా బాగుంది' గడిలో పడుతుంది.

ఇప్పుడు కూడిక చూడండి. గుంటల సంగతి ముందే పట్టేసుకుని, లెక్కల నాణ్యతకు సున్నా వేశామనుకుందాం. మా పరిశీలకులు అక్కడ ఇచ్చింది పూర్తి 5. 84లోంచి అయిదూ తీసేస్తే 79. అప్పటికీ 'చాలా బాగుంది'. భూమి ఎంతో తెలియని దిగుబడి అధ్యయనం, నా షీటు ప్రకారం, డిస్టింక్షన్‌లో పాసు.

ఈ 79 నన్ను చాలా రోజులు వదల్లేదు. పరిశీలకులు అశ్రద్ధ చేశారని నేననను. ముగ్గురూ శ్రద్ధగానే దిద్దారు, ఒకాయన మార్జిన్లలో పెన్సిలుతో అచ్చుతప్పులు కూడా దిద్ది పంపారు. తప్పు కూడికలో ఉంది. కూడిక అంటేనే ఒకచోట పోయింది ఇంకోచోట రాబట్టుకోవచ్చని ఒప్పుకోవడం. ఇంటర్ మార్కుల్లో అది కుదురుతుంది. ఇంగ్లీషులో తగ్గినవి సంస్కృతంలో లాగేయొచ్చు. పరిశోధనలో కొన్ని కుదరవు. ఆవకాయలో ఉప్పు తగ్గితే నువ్వులనూనె ఎంత మంచిదైనా, మామిడికాయ ఏ తోటదైనా బూజు ఆగదు. అక్కడ ఉప్పుకు ఇరవై అయిదు శాతం బరువు ఇచ్చామా, ముప్పై ఇచ్చామా అన్న చర్చకే అర్థం లేదు.

అందుకని ఇప్పుడు నా వాదన ఇది. అభివృద్ధి పరిశోధనను అంచనా వేసే సాధనం ఏదైనా సరే, ముందు ఒక గుమ్మం పెట్టుకోవాలి. మనిషి చెప్పిన మాట కాగితం మీదికీ, కాగితం మీది మాట కంప్యూటర్‌లోకీ తన అర్థంతోనే చేరిందా? చేరలేదంటే మిగతా ప్రమాణాలకు మార్కులు వేయకూడదు. చేరిందంటే ఒక్కో ప్రమాణానికీ విడివిడిగా అభిప్రాయం రాయాలి, అంకె వేయాలనిపిస్తే వేయాలి. వాటిని కూడకూడదు.

పెద్దవాళ్ళ దగ్గర ఏముంది

ఇదేమీ నేను కనిపెట్టిన గొడవ కాదు. కెనడాలో ఐడీఆర్‌సీ అని ఒక సంస్థ ఉంది, 1970లో పెట్టారు. పేద దేశాల్లో పరిశోధనకు డబ్బివ్వడమే దాని పని. వాళ్ళు గత దశాబ్దంలో ఆర్‌క్యూ ప్లస్ అని ఒక చట్రం తయారు చేశారు. పరిశోధన నాణ్యతను నాలుగు వైపుల నుంచి చూడమంటుంది: శాస్త్రీయంగా నిఖార్సుగా ఉందా, ఎవరి బతుకుల గురించి చేశారో వాళ్ళ దృష్టిలో దానికి యోగ్యత ఉందా, చేయదగ్గ పనేనా, వాడుకోవాల్సినవాళ్ళ చేతికి అందేలా పెట్టారా. ఒక్కోదానికి ఎనిమిది మెట్ల కొలత. దాంతోపాటు ఆ పరిశోధన ఎలాంటి పరిస్థితుల్లో జరిగిందో కూడా రాయాలి: ఆ రంగంలో ముందు పని ఎంత జరిగింది, లెక్కలు దొరికే చోటేనా, రాజకీయ వాతావరణం ఎలా ఉంది. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. పరిశీలకుడు తన పాండిత్యం మీదే ఆధారపడి మార్కులు వేస్తే చాలదు, వాడుకున్నవాళ్ళతో మాట్లాడి సాక్ష్యం తెచ్చుకోవాలి.

2018లో ఆ సంస్థవాళ్ళే నేచర్ పత్రికలో రాశారు: ఈ కొలతతో 170 పరిశోధనాంశాలు చూస్తే, పేద దేశాల వాళ్ళే స్వయంగా చేసినవి దేనికీ తీసిపోలేదట, కొత్తవాళ్ళకు పని నేర్పుతూ చేసిన పరిశోధనలో నాణ్యత కూడా తగ్గలేదట. పత్రిక పేరు చూసి పరిశోధనను తూచడం అలవాటైన మనకు ఇది వినదగ్గ మాట. (మన యూజీసీ కూడా కేర్ జాబితా పేరుతో మంచి పత్రికల పట్టిక ఒకటి కొన్నేళ్ళు నడిపి, 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. ఆ జాబితా చుట్టూ జరిగిన వ్యాపారం విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్ళకు నేను చెప్పాలా?)

అంతకుముందు 2014లో బ్రిటన్‌లో విదేశాలకిచ్చే సాయం చూసే శాఖ డీఎఫ్‌ఐడీ తన సిబ్బంది కోసం ఒక చిన్న పత్రం వేసింది, ఆధారాల బలాన్ని ఎలా అంచనా వేయాలో చెబుతూ. దాని ప్రమాణాల్లో స్థానిక సంస్కృతిని పట్టించుకున్నారా లేదా అన్నది ఒకటి. మా గుంటలు ఆ గడిలో పడతాయేమో. కానీ నిజం చెప్పాలంటే, నా షీటులోనూ 'స్థానిక సందర్భం' అన్న మాట ఉంది. పరిశీలకులు ముగ్గురూ దానికి మంచి మార్కులే వేశారు. నివేదిక రెండో అధ్యాయంలో పాలమూరు వలసల గురించి నాలుగు పేజీలున్నాయి మరి! సందర్భం అధ్యాయంలో ఉంది, వరసలో లేదు. ప్రమాణం పేరు ఎంత బాగున్నా, దాన్ని ఎక్కడ వెతకాలో సాధనం చెప్పకపోతే వెతికేవాడు సుళువైన చోటే వెతుకుతాడు.

వరంగల్ పత్తి

ఇలా వాదిస్తుంటే నాకు నేనే వేసుకున్న ప్రశ్న ఒకటుంది. ఊరికి దగ్గరగా ఉండి చేసిన పరిశోధనే గొప్పదని, దూరం నుంచి చేసింది తక్కువదని నేను అనేస్తున్నానా? దీనికి బీటీ పత్తి (పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తి) కథ గుర్తుచేసుకోవడం మంచిది.

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. ఆ ఖరీఫ్‌లోనే వరంగల్ రైతులు వేశారు. 2003 ఫిబ్రవరిలో సైన్స్ పత్రికలో మతిన్ కైమ్, డేవిడ్ జిల్బర్‌మన్ రాసిన వ్యాసం వచ్చింది: బీటీ రకాల దిగుబడి సగటున 80 శాతం ఎక్కువని. అవి అనుమతి రాకముందు 2001లో విత్తన కంపెనీ వేయించిన పరీక్ష పొలాల లెక్కలు. ఇటు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) అనే స్వచ్ఛంద సంస్థ తరఫున అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి వరంగల్ పొలాల చుట్టూ మూడేళ్ళు తిరిగారు. పదిహేను రోజులకోసారి వెళ్ళి, మందు ఎన్నిసార్లు కొట్టారు, కూలి ఎంతయింది, ఎన్ని క్వింటాళ్ళు తీశారు అని పంట నడుస్తుండగానే రాసుకున్నారు. వాళ్ళు తేల్చింది: చిన్న రైతుకు ఇందులో మిగిలిందేమీ లేదు. మధ్యలో విత్తన కంపెనీ డబ్బుతో ఒక మార్కెట్ సర్వే సంస్థ రైతులను అడిగి తేల్చిన ఫలితం ఇంకొకటి. అందులో లాభమే లాభం.

నా 100 మార్కుల షీటుతో దిద్దితే సైన్స్ వ్యాసం పరుగులో మొదటిది. డీడీఎస్ నివేదికకు రాసిన తీరు దగ్గరే నాలుగు మార్కులు పోతాయి, ఉపయోగం దగ్గర తిరిగి వస్తాయి. కానీ ఆ రెండు మొత్తాలు పక్కపక్కన పెట్టుకుని ఏం తెలుసుకుంటాం? పరీక్ష పొలంలో కాయతొలుచు పురుగును బీటీ ఎంత ఆపగలదు అన్న ప్రశ్నకు మొదటిది జవాబు. వానాధారంగా, అప్పు తెచ్చి వేసిన రైతుకు ఆ ఏడాది ఏం మిగిలింది అన్నదానికి రెండోది. మొదటిది రెండో ప్రశ్నకు కూడా జవాబు చెప్పినట్టు మాట్లాడిన రోజే తగాదా మొదలైంది.

అయితే పదిహేను రోజులకోసారి వెళ్ళారు కదా అని డీడీఎస్ నివేదికను కళ్ళకద్దుకోవాలా? వాళ్ళు బీటీకి వ్యతిరేకులు. పొలంలో అడుగు పెట్టకముందే వ్యతిరేకులు. కంపెనీ సర్వే మీద మనకు వచ్చే అనుమానం వీళ్ళ మీద ఎందుకు రాకూడదు? వస్తుంది, రావాలి. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో కంపెనీ తొలి మూడు హైబ్రిడ్ల అనుమతిని కేంద్ర కమిటీ పొడిగించలేదు. ఆ మేరకు డీడీఎస్ మాట నిలబడినట్టు. తర్వాత కొన్నేళ్ళకే వేరే బీటీ హైబ్రిడ్లు రాష్ట్రంలో పత్తి నేలంతా కమ్మేశాయి, రైతులే ఎగబడి కొన్నారు. ఆ మేరకు నిలబడనట్టు. నేను ఎటూ తేల్చుకోలేదు. తేల్చుకోనక్కర్లేదు కూడా. గుమ్మం దగ్గర అడగాల్సింది 'మీరు ఎవరి పక్షం' అని కాదు, 'మీ కాగితాలు చూపిస్తారా' అని. పంట నడుస్తుండగా రాసుకున్న కాగితం ఉన్నవాడి పక్షపాతాన్ని కాగితంలో పట్టుకోవచ్చు. ఏడాది తర్వాత రైతును ఒకసారి అడిగి రాసుకున్నవాడి పక్షపాతాన్ని ఎక్కడ పట్టుకుంటాం?

అదే వరంగల్‌లో గ్లెన్ స్టోన్ అనే మానవశాస్త్రవేత్త ఏళ్ళ తరబడి తిరిగి, 2007లో వేరే ప్రశ్నే వేశాడు: అసలు రైతు విత్తనాన్ని ఎలా ఎంచుకుంటున్నాడు? ఒక ఏడు ఊరంతా ఎగబడ్డ విత్తనం తర్వాతి ఏడు ఎవరికీ పట్టదు. పక్కవాడిని చూసి కొనడమే గాని తన చేలో పోల్చి చూసుకునే వీలు రైతుకు లేకుండా పోయిందన్నాడు. దిగుబడి వరసలు ఎన్ని చూసినా ఈ ప్రశ్న పుట్టదు. 'ప్రశ్న స్పష్టత' అని 15 మార్కులు పెట్టిన నేను, ఆ ప్రశ్న ఎక్కడ పుట్టింది అన్నదానికి ఒక్క మార్కూ పెట్టలేదు.

ఉపయోగం అనే గడి

ఇప్పుడు దాతలందరికీ ఇష్టమైన ప్రమాణం ఇదే. దీనికి నేను ఇచ్చిన 20 మార్కులు ఇప్పుడైతే ఇవ్వను.

హైదరాబాదు బస్తీల్లో సూక్ష్మరుణాల మీద జరిగిన ప్రయోగం తెలిసిందే. 104 బస్తీలు తీసుకుని, సగం చోట్ల ముందుగా రుణ సంస్థ బ్రాంచీలు తెరిపించి, బెనర్జీ, డూఫ్లో, గ్లెనర్‌స్టర్, కినన్ అనే ఆర్థికవేత్తలు ఏం మారిందో చూశారు. మహిళల సాధికారత, పిల్లల చదువు, ఆరోగ్యం ఏమీ మారలేదు; కొన్ని చిన్న వ్యాపారాలు కాస్త పుంజుకున్నాయి. తొలి ఫలితాలు 2009లో బయటికొచ్చాయి. 2010 అక్టోబరులో మన రాష్ట్రంలో ఆర్డినెన్స్ వచ్చి సూక్ష్మరుణ సంస్థలు రాత్రికి రాత్రి కుదేలయ్యాయి. ఆ ఆర్డినెన్స్ వెనక ఆత్మహత్యల వార్తలున్నాయి, వసూళ్ళ దౌర్జన్యాలున్నాయి, స్వయం సహాయక సంఘాల రాజకీయం ఉంది. ఈ ప్రయోగం తుది రూపంలో పత్రికకెక్కింది 2015లో. దీనికి ఉపయోగం కింద ఎన్ని మార్కులు వేస్తారు? సర్కారు దీన్ని చదివి ఆర్డినెన్స్ తేలేదు కాబట్టి సున్నానా?

ఇంకా పాతది చూద్దాం. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు 1975లో మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరుల్లోనూ, మహారాష్ట్రలో మరో నాలుగు ఊళ్ళలోనూ గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టారు. లెక్కలు రాసేవాళ్ళను ఊళ్ళోనే కాపురం పెట్టించారు. కొన్ని వారాలకోసారి అవే కుటుంబాల దగ్గరికి అదే మనిషి వెళ్ళి, ఏం పండింది, ఏం తిన్నారు, ఎవరికి అప్పిచ్చారు అని ఏళ్ళ తరబడి రాశాడు. ఆ కాగితాల మీద రాబర్ట్ టౌన్‌సెండ్ రాసిన ప్రసిద్ధ వ్యాసం, పల్లెల్లో కుటుంబాలు కష్టాన్ని ఒకరికొకరు ఎంతవరకు పంచుకుంటాయన్నది, 1994లో వచ్చింది. పందొమ్మిదేళ్ళు! మూడేళ్ళ గ్రాంటు ముగిసిన నెలకు వచ్చి 'ప్రభావం ఏమిటి' అని అడిగే నా షీటు 1978లో ఔరేపల్లి వెళ్ళి ఉంటే గడిలో ఏం రాసేదో ఊహించుకోండి. ఆ ఊళ్ళో కాపురమున్న మనిషి మాత్రం 2.20ని రెండెకరాల ఇరవై సెంట్లని చదివి ఉండడు, అది ఖాయం.

మార్కులు తీసేస్తే ఎవరికి నష్టం

మొత్తాలు వద్దని నేను ఒక సమావేశంలో చెప్పినప్పుడు గట్టిగా అడ్డుపడింది ఒక యువ పరిశోధకురాలు. చిన్న విశ్వవిద్యాలయం, తెలుగు మీడియం చదువు. "మార్కులు ఉండబట్టే సార్ నాలాంటివాళ్ళకు ఒకటి రెండు ప్రాజెక్టులు వస్తున్నాయి. అభిప్రాయాలు రాయండి అంటే మళ్ళీ మన కులం, మన గైడు, మన యూనివర్సిటీ మొదలు. 71 కన్నా 76 ఎక్కువని ఎవడైనా ఒప్పుకుని తీరాలి" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ అమ్మాయి చెప్పింది నిజం. మన దగ్గర అంకె అంటే న్యాయం కాకపోయినా న్యాయానికి కావలి. అంకె లేనిచోట ఏం జరుగుతుందో ఇందాక చెప్పుకున్న "బానే చేశారయ్యా"లోనే ఉంది. కానీ అంకె ఉన్నచోట కూడా పెద్దమనిషి ఊరుకోడు, తన మనిషికి ఎంత కావాలో ముందే అనుకుని కింది నుంచి పైకి గడులు నింపుకుంటూ వస్తాడు. ఇది నేను కళ్ళారా చూశాను: మొత్తం గడిలో పెన్సిలుతో ముందే 80 అని రాసి ఉంది, లోపలి గడులు తర్వాత నిండాయి. అభిప్రాయం రాయాల్సి వస్తే కనీసం అబద్ధాన్ని వాక్యంలో పెట్టాలి; సంతకం ఉన్న వాక్యాన్ని నిలదీయొచ్చు, 4ని ఏమని నిలదీస్తాం? అయినా ఆ అమ్మాయి పూర్తిగా ఒప్పుకోలేదు. నేనూ పూర్తిగా గెలిచాననుకోవడం లేదు. విడి మార్కులు ఉంచి మొత్తం తీసేయాలన్నది ఆవిడతో జరిగిన బేరంలో తేలిన మధ్యస్థం.

ఇరవై ఫారాలు

గుమ్మం అన్నాను కదా, ఆచరణలో అది చాలా మామూలు పని. నింపిన ఫారాల్లోంచి చీటీలు తీసినట్టు ఇరవై తీసి, పేర్లు కప్పేసి, ఆ ప్రాంతం మనిషి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, కంప్యూటర్ వరసతో సరిపోల్చుతూ చదవడం. ఒక పూట పడుతుంది. ప్రాంతం మనిషి పీహెచ్‌డీ చేసి ఉండాల్సిన పని లేదు. బస్తా అనగానే ఎన్ని కిలోల బస్తా అని అడిగేవాడు కావాలి. మా కోస్తాలో వడ్ల బస్తా 75 కిలోలు. కొనుగోలు కేంద్రంలో తూచే బస్తా 40. 'ముప్పై బస్తాలు' అన్న జవాబు ఇరవై రెండున్నర క్వింటాళ్ళా, పన్నెండా?

మరి అంకెలు లేని అధ్యయనాల సంగతి? అక్కడ గుమ్మం ఇంకా అవసరం. ఒక పింఛను అధ్యయనంలో ఒక ముసలావిడ మాటను ఇంగ్లీషు నివేదికలో 'లబ్ధిదారు సంతృప్తి వ్యక్తం చేశారు' అన్న అర్థం వచ్చేలా రాశారు. తెలుగు రాత ప్రతి తెప్పించి చూస్తే ఆవిడన్నది "పర్లేదు నాయనా, ఏదో అట్టా గడుస్తా ఉంది". ఈ పర్లేదును అయిదు మెట్ల కొలతలో ఎక్కడ పెడతారు? ఒక కుర్రాడు 3 వేస్తాడు, ఇంకొకడు 4 వేస్తాడు. కోపమొచ్చినా పర్లేదే, ఆకలేసినా పర్లేదే. కనుక ఇంటర్వ్యూల అధ్యయనమైతే అనువాదం కాదు, ఆ భాషలో ఉన్న రాత ప్రతే చదవాలి; అది లేదంటే గుమ్మం బయటే ఆగాలి.

ఇలా చూడటం వల్ల లోపల ఏం అడిగారన్నది కూడా బయటపడుతుంది. మన రాష్ట్రంలోనే 180 ఊళ్ళలో ప్రైవేటు బడి ఫీజు కట్టే వోచర్ల మీద కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగంలో, వోచరు పొందిన పిల్లలు నాలుగేళ్ళ తర్వాత తెలుగులో, లెక్కల్లో సర్కారు బడి పిల్లలతో సమానంగానే ఉన్నారు. హిందీలో మాత్రం బాగా ముందున్నారు, ఎందుకంటే సర్కారు బడుల్లో ఆ తరగతుల్లో హిందీ చెప్పేదే తక్కువ. హిందీ పేపరు పెట్టాలని వాళ్ళకు తోచబట్టి ఆ సంగతి తెలిసింది. పెట్టకపోయి ఉంటే 'తేడా లేదు' అన్న నివేదిక వచ్చేది, నా షీటులో దానికీ 84 వచ్చేవి.

చివరికి

తప్పు దొరికాక ఆ అధ్యయనం చేసినవాళ్ళకు ఫోన్ చేశాం. వాళ్ళు వాదించలేదు, వారం రోజుల్లో వరస దిద్దారు. అరెకరం రైతులు అధ్యయనంలోకి తిరిగి వచ్చారు. చిన్న కమతం ఆధిక్యం చాలావరకు కరిగిపోయింది.

ఆ ఊళ్ళల్లో సర్వే చేసిన కుర్రాళ్ళలో ఒకరితో నేనే మాట్లాడాను. గుంటలని ఫారంలో ఎక్కడా రాయలేదేం అని అడిగాను, కాస్త గద్దింపుగానే.

"పాసు పుస్తకంల ఎట్లుంటదో అట్లనే రాసిన సార్," అన్నాడు. "నేను కరెక్టే రాసిన. మీరే తప్పు చదివిన్రు."

నివేదిక మొదటి పేజీలో తొమ్మిది మంది పేర్లున్నాయి, సలహాదారులతో కలిపి. ఆ కుర్రాడి పేరు లేదు. దిద్దిన ప్రతిలో చేర్చమని రాశాను. చేర్చారు, మూడో పేజీలో.

దాత సంస్థకు మొత్తాలు లేని కొత్త షీటు పంపాం. దాని వెనక కారణాలు ఎనిమిది పేజీలు రాశాను. మొన్న జవాబు వచ్చింది. ఎనిమిది పేజీలూ చాలా ఆలోచింపజేశాయట. అయితే వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో చివరి గడి ఖాళీగా ఉంటే ఫైలు ముందుకు కదలదట, నెలాఖరులోగా ఏదో ఒక అంకె వేసి పంపమన్నారు.